తీగ సాగని పెరుగు

"గిదేం పెరుగే విజయా, చెంచా లేపితే చెంచా ఎంబడే లేస్తున్నది. ముక్కు చీదినట్టున్నది. మనుషులు తినేదేనా?"

కౌసల్యమ్మ చెంచాను గిన్నె మీద ఎత్తి పట్టుకుంది. చెంచా నుంచి గిన్నె దాకా సన్నటి తెల్లటి తీగ సాగి, తెగకుండా వేలాడుతోంది. సింకు దగ్గర అంట్లు తోముతున్న విజయశ్రీ వెనక్కి తిరిగి అత్తగారి ముఖం చూడలేదు, ఆ తీగనే చూసింది. బతికే ఉంది. ఇవాళ్టికి బతికే ఉంది.

"తినేది కాదత్తమ్మా. అది నా పనిది. మనకు వేరే గిన్నెల తోడేసిన."

"నీ పనిదైతే నీ కాలేజీల పెట్టుకో. వంటింట్లకెందుకు?"

కాలేజీ మూతపడి చాలా రోజులైంది. కౌసల్యమ్మకు అది కాలేజీయే గానీ, విజయశ్రీ పని చేసేది యూనివర్సిటీ ల్యాబ్‌లో, పరిశోధక విద్యార్థిగా. సకల జనుల సమ్మెలో బస్సులు ఆగాయి, బడులు ఆగాయి, బొగ్గు గనులు ఆగాయి. బొగ్గు లేక కరెంటు పూటపూటకీ పోతోంది. సమ్మెకు ముందు రోజు ల్యాబ్ జనరేటర్‌లో డీజిల్ లేదని ఆమెకు తెలిసింది. డీప్ ఫ్రీజర్‌లోంచి తను పరిశోధించే సూక్ష్మజీవి ఉన్న ఒక చిన్న సీసా తీసి, థర్మోస్ ఫ్లాస్కులో ఐసు ముక్కల మధ్య దాచి, కొత్తపేట రైతుబజార్ వెనక సందులో ఉన్న కిరాయి ఇంటికి తెచ్చుకుంది. ఇంటి ఫ్రిజ్ కూడా కరెంటు లేక కరుగుతూ, వస్తే గడ్డకడుతూ ఉంటే, ఇక మిగిలింది ఆడవాళ్లందరికీ తెలిసిన దారి ఒక్కటే. కాచి చల్లార్చిన పాలల్లో చెంచాడు తోడు వేయడం, రేపటి కోసం ఇవాళ్టి గిన్నెలోంచి మళ్లీ చెంచాడు దాయడం. కడుపులోని బిడ్డను మోసినట్టు రోజూ అదే ధ్యాస.

అసలు ఆ సూక్ష్మజీవి ఆమెకు దొరికింది కూడా తల్లి పెరుగు కుండలోనే. నకిరేకల్ దగ్గరి పల్లెలో లచ్చమ్మ తోడేసిన పెరుగు ఎప్పుడూ తీగ సాగేది. వాడకట్టులో అందరూ ఎగతాళి చేసేవాళ్లు. చిన్నప్పటి విజయశ్రీకి మాత్రం అదే కావాలి, గొంతులోంచి తనంతట తనే జారిపోయే ఆ పెరుగే కావాలి. తండ్రి మట్టయ్య కొత్తపేట పండ్ల మార్కెట్‌లో హమాలీ పనికి కుదిరి సంసారాన్ని ఎల్‌బీ నగర్‌కు మార్చినప్పుడు, లచ్చమ్మ బట్టల మూటతో పాటు తోడు ఉన్న స్టీలు డబ్బాను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి విజయశ్రీ. ఎమ్మెస్సీలో ఉండగా ఒకరోజు ఆ పెరుగును మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. జంటలు జంటలుగా గుండ్రటి కణాలు, వాటి చుట్టూ వెలుగు గూడు కట్టినట్టు ఏదో పొర.

పాలలోని చక్కెరను పులుపుగా మార్చడం పెరుగులో ఉండే ప్రతి సూక్ష్మజీవీ చేసే పనే. ఇది అంతటితో ఆగదు. చక్కెర అణువులను ఒకదానికొకటి గుచ్చి, పొడుగాటి దండలు అల్లి, తన చుట్టూ వదులుతుంది. పాలిసాకరైడ్ అంటారు వాటిని. కంటికి తీగలా కనిపించేది ఆ దండలే. గ్లూకోజ్, గాలక్టోజ్, రామ్నోజ్, ఈ మూడు రకాల పూసలు ఒక వరసలో వచ్చి, మళ్లీ అదే వరస మొదలవుతుంది. ముగ్గు వేసేటప్పుడు ఒక చుట్టు తిప్పి మళ్లీ అదే చుట్టు తిప్పినట్టు. ఏ పూసలు ఏ పాళ్లలో ఉన్నాయో విజయశ్రీ తేల్చింది. తేలాల్సింది ఏ పూస ఏ పూసను ఏ మూల దగ్గర పట్టుకుందో, పక్కకు వేలాడే పూస ఎక్కడుందో. ఆ పట్టులోనే ఉంది దాని గుణమంతా. అది తెలిస్తే పిండీ జెలటినూ కలపకుండా, నీరు విడవకుండా గట్టి పెరుగు చేయవచ్చు. పక్షవాతం వచ్చి మంచినీళ్లు కూడా పొలమారే వాళ్లకు గొంతు దిగేలా చిక్కటి పానీయాలు చేయవచ్చు. పరిశోధన ప్రతిపాదనలో ఆ మాట రాసిన రోజు ఆమెకు తాత గుర్తొచ్చాడు. చివరి రోజుల్లో ఆయనకు లచ్చమ్మ పట్టింది ఈ పెరుగే. ఎందుకు దిగేదో ఇంట్లో ఎవరికీ తెలియదు, దిగేది, అంతే.

ఈ సంగతులు చెప్పుకోవడానికి మనిషి లేడు. పెళ్లిచూపుల్లో "చదివించుకుంటం, మాకేం అభ్యంతరం లేదు" అన్న సాయినాథ్, పెళ్లయ్యాక ఒకసారి శ్రద్ధగా అడిగాడు. ఆమె పూసలూ దండలూ అని ఉత్సాహంగా మొదలుపెట్టగానే నవ్వాడు. "అంటే నువ్వు పెరుగు మీద డాక్టరేట్ చేస్తున్నవన్నమాట. మా అమ్మ యాభై ఏండ్ల సంది తోడేస్తున్నది, ఆమెకెన్ని డాక్టరేట్లు ఇయ్యాలె?" స్నేహితుల ముందు కూడా ఆ మాటే చెప్పి నవ్వించేవాడు. ఆమె టీ కప్పులు అందిస్తూ తనూ నవ్వేది. ల్యాబ్‌లో గైడు మల్లికార్జునరావుగారు కోపిష్టి కాదు, పిసినారి కాదు, ఏ ఆడపిల్లనూ వంకరగా చూసిన మనిషి కాదు. కానీ అటెండరు రాని రోజు ఫ్లాస్కులు కడగడానికి ఆయనకు గుర్తొచ్చేది విజయశ్రీయే. "ఏమ్మా, నీ చేతికి శుభ్రం ఎక్కువ, కాస్త చూడు" అనేవారు. బయటి నుంచి ఎవరైనా వస్తే మగపిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని ఫలితాలు వివరించేవాళ్లు. ఆమె బిస్కెట్లు తెచ్చేది. ఇంట్లో స్టీలు అంట్లు, ల్యాబ్‌లో గాజు అంట్లు. రెండింటి మధ్యా బస్సులో నిలబడిన ప్రయాణం.

సమ్మెలో రెండో వారం ఆమె సాయినాథ్‌ను ఒక్కటే అడిగింది. "ఒక్కసారి బండి మీద యూనివర్సిటీకి తీస్కపో. ఫ్రీజర్ల మిగతా సీసాలున్నయి. ఐసన్న నింపొస్త."

సాయినాథ్ దిల్‌సుఖ్‌నగర్‌లో జూనియర్ కాలేజీ లెక్చరర్, లెక్చరర్ల జేఏసీలో ముందుండే మనిషి. గొంతు బొంగురుపోయే దాకా మాట్లాడి వచ్చి అప్పుడే స్నానానికి నీళ్లు కాగాయా అని చూస్తున్నాడు.

"రాష్ట్రమంత రోడ్డు మీదుంటే నీకు పెరుగు పరేషానా? రేపు ఎల్‌బీ నగర్ చౌరస్తల వంటావార్పు ఉన్నది. నువ్వూ అమ్మా రావాలె. పులిహోర మీదే."

వెళ్లింది. విజయవాడ రోడ్డు మీద లారీలు ఆగిపోయి, తారు మీదే రాళ్ల పొయ్యిలు లేచాయి. ఆమె గుండిగలో అన్నం చల్లార్చి, చింతపండు పులుసు కలుపుతుంటే మైకులో సాయినాథ్ గొంతు వినిపించింది. మన నీళ్లు ఎవరు మలుపుకున్నారో, మన కొలువులు ఎవరికి పోయాయో పేరు పెట్టి చెప్పాలంటున్నాడు. పేరు పెట్టకుండా ఊరికే అన్యాయం జరిగిందంటే ఆ అన్యాయం గాలిలో కలిసిపోతుందంటున్నాడు. విజయశ్రీ అందులో ఒక్క మాటను కూడా కాదనలేదు. హమాలీ బిడ్డగా, ఉద్యోగం అడగబోయిన ప్రతిచోటా యాస వల్ల నవ్వులపాలైన మనిషిగా, ఆమెకు ఆ మాటలు ఎవరూ నేర్పక్కర్లేదు. మోచేతి దాకా పసుపు అంటిన చేయి ఎత్తి జై తెలంగాణ అంది. అని, యూనివర్సిటీ ఉన్న దిక్కుకు చూసింది. అక్కడ సీసాలు ఒక్కొక్కటీ కరిగి నీరవుతుంటాయి. ఇక లోకంలో మిగిలింది తన వంటింటి మూల, నీళ్ల బిందె పక్కన చల్లగా ఉన్న గిన్నె ఒక్కటే.

చల్లదనం ముఖ్యం. ఆ దండలల్లే విద్య ఈ జీవికి పుట్టుకతో వచ్చిన అసలు సొత్తులో ఉండదు. కణం లోపలే, విడిగా, చిన్న ఉంగరం లాంటి దాంట్లో రాసి ఉంటుంది. వేడి తగిలితే కణాలు తొందర తొందరగా రెండుగా చీలతాయి. ఆ తొందరలో ఉంగరం ఒక కణానికి అందుతుంది, ఇంకో కణానికి అందదు. అందని కణానికి అల్లే బరువు ఉండదు గనుక అది ఇంకా తొందరగా పెరుగుతుంది. పదుల సార్లు చీలేసరికి ఉంగరమున్నవి ఎక్కడో మూల పడిపోతాయి. పెరుగు తోడుకుంటూనే ఉంటుంది. తీగ మాత్రం ఉండదు.

సమ్మె చివరికొచ్చే రోజుల్లో, ఈసారి బాగా ఆలస్యంగా, ఆమెకు నెలసరి వచ్చింది.

కౌసల్యమ్మ చెడ్డ మనిషి కాదు. ఆ రోజుల్లో కోడలిని వంటింట్లోకి రానియ్యదు, అంతే. తన అత్త తనను రానియ్యలేదు. ముందుగదిలో చాప వేసి, కంచం విడిగా పెట్టి, వేడివేడిగా వడ్డిస్తుంది. ముట్టులో ఉన్నవాళ్లు తోడు ముట్టుకుంటే పెరుగు విరుగుతుందని ఆమె నమ్మకం. విజయశ్రీ మైక్రోబయాలజీ చదివింది. అది అబద్ధమని చెప్పడానికి ఆమె దగ్గర ఎన్ని మాటలున్నాయో లెక్కలేదు. పెళ్లయిన మొదటి నెలలో చెప్పింది కూడా. "నీ సదువు నీ కాడ పెట్టుకో బిడ్డా, నా దేవుని అర్ర నాది" అని కౌసల్యమ్మ మెల్లగానే అంది. సాయినాథ్ పేపర్ తిరగేస్తూ "రెస్టే కద దొరికేది, కూసో" అన్నాడు. ఆనాటి నుంచి ఆ మాట ఎత్తలేదు. ఈసారి మాత్రం గడప ఇవతల నిలబడి బతిమాలింది.

"అత్తమ్మా, రోజుకొక్కసారే తోడెయ్యి. పాలు చల్లగైనంకనే. నీళ్ల బిందె కాడ మూలకే పెట్టు. యాడికీ జరపకు."

"ఏస్త తీ. పెరుగు తోడేసుడు నాకు నువ్వు చెప్తవా?"

ఆమె నమ్మింది. నమ్మకపోతే చేయగలిగింది కూడా లేదు. గడప దాటితే ఇల్లంతా కడగాలి, దేవుడి సామాను తోమాలి, అది అత్తగారి నడుము మీద పడుతుంది. ఆ సంగతి తలుచుకుని ఆగిపోయింది. తర్వాత ఆమె తనను క్షమించుకోలేకపోయింది అక్కడే. ఒక మనిషి నడుం నొప్పికి భయపడి అన్నేళ్ల పనిని గడప అవతల వదిలేసింది.

తల స్నానం చేసి వంటింట్లోకి వెళ్లిన పొద్దున నీళ్ల బిందె పక్కన గిన్నె లేదు.

"ఆడ లేదే," అంది కౌసల్యమ్మ, కూరలో ఉప్పు చూస్తూ. "గా మూలకు పెడితే ఎన్నడు తోడుకోవాలె? ఇన్వర్టర్ మీద పెట్టిన. ఎచ్చగుంటది. పొద్దుగాల ఏస్తే పగటీలికి తయారు. మల్ల మాపటికొకటి. చూడు, ఎంత మంచిగ కుదిరిందో. జిగురంత పోయింది."

కరెంటు పోయిన ప్రతిసారీ ఇంటిని మోసి, వచ్చిన ప్రతిసారీ ఛార్జవుతూ, ఇన్వర్టర్ రోజంతా కాలిపోతూ ఉండేది. గిన్నె దాని నెత్తిన ఉంది. విజయశ్రీ చెంచా ముంచి ఎత్తింది. పెరుగు ముక్కగా తెగి వచ్చింది. మళ్లీ ముంచింది. అడుగు నుంచి ముంచింది. కొత్త చెంచా కడిగి తుడిచి ముంచింది. నిగనిగలాడే గట్టి పెరుగు, కత్తితో కోసినట్టు తెగుతోంది.

"అత్తమ్మా, పాత గిన్నెల ఏమన్న మిగిలిందా?"

"ఎందుకుంటది? కడిగేసిన."

ఆ పూట సాయినాథ్ ఆ పెరుగుతోనే అన్నం తిని, ఇదే కద మంచిగున్నది అన్నాడు.

సమ్మె ఆగి యూనివర్సిటీ గేట్లు తెరుచుకున్నాక ఆమె ఆ పెరుగు తీసుకుని ల్యాబ్‌కు పరిగెత్తింది. ఫ్రీజర్ తలుపు తెరిస్తే కుళ్లిన వాసన. అది ఊహించిందే. ఆశంతా గిన్నెలోంచి తెచ్చిన దాని మీదే. గాజు పళ్లేల నిండా పలచగా పూసి, మొలిచిన ఒక్కో చుక్కనూ పుల్లతో అంటి పైకి లాగింది. లక్షల్లో ఒక్క కణానికి ఉంగరం మిగిలి ఉంటే చాలు, దాన్నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు. పళ్లెం తర్వాత పళ్లెం. తెల్లగా, గుండ్రంగా, ఆరోగ్యంగా మొలిచిన చుక్కలు. అదే జీవి. బతికే ఉంది. మునుపటి కంటే చురుగ్గా పెరుగుతోంది. పుల్లతో లాగితే టక్కున విడిపోతోంది. ఎన్ని రోజులు లాగిందో, చివరికి ఆమె చూపుడువేలి చివర పుల్ల గుచ్చుకుని పుండు పడింది. ఏ చుక్కలోనూ తీగ లేదు.

తల్లి ఉంది కదా అనుకుంది. ఎల్‌బీ నగర్ గదికి వెళ్లి, చెప్పులు విప్పుతూనే అడిగింది.

లచ్చమ్మ తెల్లబోయింది. "గా జిగురు పెరుగా? ఎన్నడో బందువెట్టిన బిడ్డా. మీ నాయినకు ఓకరింత వస్తది, నీకెరుకే కద. నువ్వు తింటవనే గన్ని ఏండ్లు తోడేసిన. నువ్వు అత్తగారింటికి పోయినంక ఎవలు తింటరు? పాకెట్ పెరుగు తెచ్చుకుంటున్నం." కూతురి ముఖం చూసి కొంగుతో చేయి తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది. "అవసరమున్నదని ఒక్క మాట చెప్తే దాసిపెట్టకపోదునా?"

చెప్పలేదు. తల్లి కుండ ఎప్పుడూ ఉంటుందనుకుంది. తల్లులు చేసే పని దానంతట అదే జరుగుతుందని సాయినాథ్ అనుకున్నట్టే తనూ అనుకుంది. ఆ ఆలోచన వచ్చాక విజయశ్రీ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. లచ్చమ్మ అన్నం పెడితే తినలేదు.

పరిశోధన గడువు అయిపోవస్తోంది. పొడిగించాలంటే యూనివర్సిటీ కమిటీ ముందు కారణం చెప్పాలి. మల్లికార్జునరావుగారు ఆమెను కూర్చోబెట్టి మెత్తగానే చెప్పారు. "దిగులు పడకమ్మా. ఆందోళన వల్ల బ్యాక్టీరియా కల్చర్ పోయిందని చెబుదాం. అది నిజమే కదా, ఫ్రీజర్ ఆగింది కదా. ఆ కారణానికి అందరికీ ఆరు నెలలు ఇస్తున్నారు. ఈలోపు వేరే స్ట్రెయిన్ కొని ఏదో ఒకటి పూర్తి చేద్దువుగాని. అయినా ఈ గొడవలన్నీ ఎందుకు మొదలెట్టారో, చదువులు నాశనం చేశారు."

ఆ మాట ఇంట్లో చెబితే సాయినాథ్ కంచం ముందు నుంచి లేచాడు. "ఉద్యమం మీదికి తోస్తడా? జనరేటర్ల డీజిల్ పోయించనిది ఎవరు? గైడు నిర్లక్ష్యమని చెప్పు. ఆంధ్ర సారు తెలంగాణ పిల్లను ఎట్ల తొక్కిండో చెప్పు. నేను పేపర్ల ఏపిస్త."

వాళ్లిద్దరూ ఒకరికొకరు పడని మనుషులు. ఆమె చెప్పాల్సిన మాట మాత్రం ఇద్దరి దగ్గరా తయారుగా ఉంది. ఇద్దరి మాటలోనూ ఆ జీవి ల్యాబ్‌లోనే చచ్చిపోతుంది. థర్మోస్ ఫ్లాస్కు లేదు, నీళ్ల బిందె పక్క మూల లేదు, రోజూ పొద్దున చెంచా ఎత్తి ఊపిరి పీల్చుకున్న మనిషి లేదు. సమ్మె మొత్తం ఆమె చేసిన పని ఎవరూ చూడలేదు సరే, ఇప్పుడు తన నోటితోనే అది జరగలేదని చెప్పాలి. సమ్మెను అనడానికి ఆమెకు మనసు రాదు, సమ్మె దాన్ని చంపలేదు. గైడును అనడానికీ రాదు, ఆయన ఎన్ని చేసినా ఇది చేయలేదు. పోనీ అత్తగారిని అందామా అంటే, ఆ ముసలామె ఆ గిన్నెను బాగుచేశాననే అనుకుంటోంది. ఆమెకూ ఎవరో గడప చూపించారు, ఇవతల కూర్చోమన్నారు. విజయశ్రీ ఆలోచించింది, బట్టలు ఆరేస్తూ ఆలోచించింది, బస్సులో కమ్మీ పట్టుకుని ఆలోచించింది. ఎటు తిరిగినా దుఃఖం తప్ప ఏమీ కనిపించలేదు.

కమిటీ గదిలో పొడవాటి బల్ల. అవతల ముగ్గురు మగవాళ్లు, మధ్యలో అధ్యక్షురాలు వేదవతి మేడమ్. ఇవతల విజయశ్రీ, పక్కన మల్లికార్జునరావుగారు.

"ఆలస్యానికి కారణం?" అంది వేదవతి.

"ఆందోళనే మేడమ్," గైడు అందుకున్నారు. "ఫ్రీజర్ ఆగిపోయి కల్చర్ చచ్చిపోయింది. మంచి పిల్ల, కష్టపడుతుంది."

"తెలుసు, అందరిదీ ఇదే కథ. ఆరు నెలలు రాసేస్తాను."

"ఫ్రీజర్ల చచ్చిపోలేదు మేడమ్," అంది విజయశ్రీ.

గైడు ఆమె వైపు తిరిగారు. ఆమె బల్ల మీద చేతులు పెట్టుకుంది. పుస్తకాల తెలుగులో మొదలుపెట్టాలని వస్తూ వస్తూ అనుకున్న మాటలేవీ నోటికి రాలేదు.

"ముందే ఒక సీసా ఇంటికి తీస్కపోయిన. రోజూ తోడేసి బతికించిన. సమ్మె అయిపోవచ్చేదాక బతికే ఉన్నది, తీగ సాగుతనే ఉన్నది. అప్పుడు నాకు నెలసరి అయింది. మా ఇంట్ల నెలసరిల వంటింట్లకు రానియ్యరు. మా అత్తమ్మ దాన్ని ఇన్వర్టర్ మీద పెట్టింది. వేడికి గుణం పోయింది. సమ్మెతోని కాదు, సార్‌తోని కాదు."

ముగ్గురు మగవాళ్లూ ఒకేసారి కాగితాల్లోకి చూశారు. ఒకాయన గ్లాసు మీది మూత తీసి నీళ్లు తాగారు.

వేదవతి గొంతు తగ్గించింది. "విజయశ్రీ, నేనూ అలాంటి ఇంట్లోంచే వచ్చాను. ఆందోళన అని ఊరుకో తల్లీ. ఇంటి కారణాలకు పొడిగింపు లేదు. ఇది రాస్తే నీ రిజిస్ట్రేషన్ పోతుంది."

"తెలుసు మేడమ్."

"మరి ఏం రాయమంటావు?"

"జరిగింది రాయండి. దాన్ని ఒక మనిషి బతికించిందని, ఎట్ల పోయిందో కూడా ఆమెకు తెలుసని, ఒక్క కాయితం మీదన్న ఉండాలె."

వేదవతి కాగితం మీద ఏమీ రాయకుండానే కలానికి మూత పెట్టేసింది. విజయశ్రీ కుర్చీలోంచి లేవలేదు.